ఏడా నుంచి ఆసు దాకా

రెడ్‌మండ్ అనగానే మనవాళ్ళకి మైక్రోసాఫ్ట్ గుర్తుకొస్తుంది గాని, శిల్పం గుర్తుకు రాదు. అక్కడి 99వ నంబరు భవనంలో, ఆ కంపెనీ పరిశోధన విభాగంలో, 2019లో ఒక శిల్పాన్ని వేలాడదీశారు. పేరు ‘ఏడా’. చేసినావిడ జెన్నీ సేబిన్, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ ప్రొఫెసరు. రెండంతస్తుల ఆ ఆకారానికి ఒళ్ళంతా దారపు అల్లికే. కెమెరాలు అక్కడ తిరిగేవారి ముఖకవళికల్ని గమనిస్తే, కంప్యూటరు వాటిని భావాలుగా లెక్కగట్టి అల్లిక మీద రంగుల వెలుగుల్ని మార్చేది. నిక్కచ్చిగా చెప్పాలంటే కదిలింది వెలుతురే. (పనిచేసే చోట ముఖాలు చదివే యంత్రమంటే నాకు కాస్త బెరుకే. అది వేరే వ్యాసం.)

కంప్యూటరు ఆలోచనలతో శిల్పం చెయ్యడం ఈ కాలపు ముచ్చటే అనుకుంటాం. దానికీ దారానికీ చుట్టరికం మాత్రం పాతదే. ఛార్లెస్ బాబేజ్ ఊహించిన ఎనలిటికల్ ఇంజన్ గురించి 1843లో వివరణలు రాసిన ఏడా లవ్‌లేస్, దాన్ని జకార్డ్ మగ్గంతోనే పోల్చింది. ఫ్రాన్సులో 1804 ప్రాంతంలో వచ్చిన ఆ మగ్గంలో, ఏ వరుసకి ఏ పడుగు పోగులు లేవాలో చిల్లుల అట్టలు చెబుతాయి. చిల్లుంటే పోగు లేస్తుంది, లేకపోతే లేదు. బాబేజ్ ఇంట్లో జకార్డ్ బొమ్మ ఒకటి ఉండేది. చూసినవాళ్ళు అచ్చువేసిందనుకునేవారట, నిజానికి అది సుమారు 24,000 అట్టలతో నేసిన పట్టు.

ఇంతవరకూ కంప్యూటరు చరిత్ర పుస్తకాల్లో దొరికేదే. మన పోచంపల్లి ప్రస్తావన మాత్రం వాటిలో కనబడదు.

జకార్డ్ మగ్గం మీద బొమ్మ నేసేటప్పుడు పుడుతుంది. పోచంపల్లి చిటికి పనిలో నేతకు ముందే పోగులో ఉంటుంది. పోగుల్ని లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు. ఏ పోగులో ఏ ముక్క ఎర్రగా ఉండాలో మగ్గమెక్కక ముందే తేలిపోతుంది. మన ప్రోగ్రామర్ల భాషలో, లెక్కంతా ముందే చేసి పట్టికలో దాచుకోవడమన్నమాట. నా దృష్టిలో ఇది జకార్డ్ ఆలోచనకి ఏమాత్రం తీసిపోదు. కాకపోతే ఈ లెక్క అట్టల మీదికెక్కలేదు, మనుషుల చేతుల్లోనే ఉండిపోయింది. దాని ఖరీదూ ఆ చేతులే కట్టాయి.

కట్లు కట్టడానికి ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం మీద దారాన్ని అటూ ఇటూ చుట్టడమే ఆ పని. ఒక్కో చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు తిరగాలి. ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే పోసేవారు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో చదువు ఆపేసినవారు. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి పెనుగులాడి, 1999లో యంత్రాన్ని పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథతో రాజ్ రాచకొండ తీసిన ‘మల్లేశం’ సినిమా 2019లో, రెడ్‌మండ్‌లో ఏడా వెలిగిన ఏడే విడుదలైంది.

మన పిల్లలకి ఆ యంత్రం నడుస్తుండగా చూపించాలి. మనిషి చెయ్యిలాంటి కడ్డీ ఒక్కొక్క మేకూ జరుగుతూ పోతుంటే, వెనకాల దారం విసనకర్రలా విచ్చుకుంటుంది. ఏ మ్యూజియంలోనో నిలబెడితే దాన్నీ కదిలే శిల్పమనే అంటారు. ఆలేరులో మాత్రం చేత్తో నాలుగైదు గంటలు పట్టే ఆసు దాని మీద గంటన్నరలో అయిపోతుంది.