చోళవరం, చోడవరం, ఒక ఖాళీ రోడ్డు

మా మావయ్య నోట "చోళవరం రేసులు" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఎనిమిదేళ్ళుంటాయి. నేను చోడవరం అనుకున్నాను. అనకాపల్లి నుంచి మాడుగుల వైపు పోతే వచ్చే చోడవరం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బళ్ళు వరసగట్టి వెళ్ళడం తప్ప అక్కడి గురించి నాకింకేం తెలీదు. ఆ బళ్ళ మధ్యలోంచి కార్లు ఎలా పరిగెడతాయా అని చాలా రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మావయ్యని అడిగితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "అది మద్రాసు దగ్గర చోళవరంరా. అక్కడ బళ్ళుండవు. రోడ్డు ఖాళీగా ఉంటుంది."

తమిళుల చోళే మనకి చోడ అయ్యాడని తర్వాతెప్పుడో తెలిసింది. రోడ్డు ఖాళీగా ఉండటం అంటే ఏమిటో తెలియడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మావయ్య డెబ్బైల్లో మద్రాసులో ఒక మెకానిక్ షెడ్డులో పనిచేశాడు. రేసులొస్తే యజమాని వెంట చోళవరం వెళ్ళి జాకీలు ఎత్తడం, చక్రాలు మార్చడం, ప్లగ్గులు తుడవడం ఆయన పని. తర్వాత విశాఖపట్నం తిరిగొచ్చి అల్లిపురంలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఆయన్ని ఏ చరిత్రా లెక్కలోకి తీసుకోదు. నాకు తెలిసిన రేసింగ్ చరిత్ర మాత్రం ఆయన గ్రీజు చేతులతోనే మొదలవుతుంది.

చోళవరం రన్‌వే రెండో ప్రపంచయుద్ధం కోసం వేసింది. మద్రాసుకి ఉత్తరంగా, కలకత్తా వెళ్ళే రోడ్డుకి దగ్గర్లో. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్ళిపోయాయి, కాంక్రీటు మిగిలింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాని మీద రేసులు పెట్టింది. మలుపులకి గడ్డిమోపులు, తారు పీపాలే గుర్తులని మావయ్య చెప్పేవాడు. జనం వేలల్లో వచ్చేవారట, ఎండలో, గొడుగులు పట్టుకుని.

ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్, గుడ్‌వుడ్ రెండూ యుద్ధకాలపు విమాన స్థావరాలే. రెండు చోట్లా 1948లో రేసులు మొదలయ్యాయి. గుడ్‌వుడ్‌లో 1998 నుంచి ఏటా పాత కార్ల ఉత్సవం జరుగుతుంది. మన తాతల కాలపు ఆస్టిన్లు, జాగ్వార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతాయి. వీటిని అక్కడ సెలూన్ కార్లంటారు. మనకి సెలూన్ అంటే క్షవరం షాపు గుర్తొస్తుంది కానీ, ఆ మాటకి అర్థం నాలుగు తలుపులో రెండు తలుపులో ఉండి, పైన గట్టి కప్పున్న మామూలు ఇంటికారు. పొద్దున్న ఆఫీసుకి, ఆదివారం రేసుకి. క్లబ్బు రేసు అంటే అదే. ఎవరి కారు వాళ్ళే తెచ్చుకుంటారు. గెలిస్తే ఒక కప్పు, ఓడితే ఒక పాడైన ఇంజను.

మన దేశంలో అది ఇంకా నిజం, ఎందుకంటే వేరే కారు లేదు. లైసెన్సుల రాజ్యంలో ఏళ్ళ తరబడి మధ్యతరగతికి మూడే కార్లు. కలకత్తా పక్క ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడర్, 1489 సీసీ. బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళ ఫియట్ 1100, 1089 సీసీ. 1974 నుంచి దాని పేరు పద్మిని. మూడోది మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, 948 సీసీ. దాని ఒళ్ళు గీసింది జొవన్నీ మికెలోట్టి అనే ఇటలీవాడు. విదేశీ రేసుకారు దిగుమతి చేసుకోవడం ఏ సంస్థానాధీశుడికో, ఏ పారిశ్రామికవేత్తకో సాధ్యం. మిగతావాళ్ళంతా ఈ మూడింటినే విప్పి, అరగదీసి, బిగించి పరిగెత్తించాలి.

ఆ విప్పడం, బిగించడం మావయ్య ఎంత వివరంగా చెప్పేవాడో. ఆయన లెక్కలో రేసుకారు తయారీ కలపడంతో మొదలవదు, తీసెయ్యడంతో మొదలవుతుంది. వెనక సీటు, కింద తివాచీ, బంపర్లు, తలుపుల లోపలి అట్టలు. "నలభై గుర్రాల ఇంజను. గుర్రాల్ని పెంచలేనప్పుడు బస్తాలు దించాలి." తర్వాత హెడ్డు. అడుగుభాగం కాస్త మిల్లింగ్ చేయిస్తే సిలిండర్‌లో గాలి, పెట్రోలు మరింత ఇరుకులో నొక్కుకుంటాయి, దెబ్బ గట్టిగా పడుతుంది. ఎక్కువ కోస్తే అప్పటి మన నాసిరకం పెట్రోలుకి ఇంజను నాకింగ్ కొడుతుంది, పిస్టన్‌కి చిల్లి పడుతుంది. ఎంత కోయాలన్నది పుస్తకంలో ఉండదు, చెవిలో ఉంటుంది. గాలి వెళ్ళే దారుల్ని సన్నటి ఆకురాయితో, ఎమరీ కాగితంతో అద్దంలా నున్నగా చెయ్యడానికి రాత్రిళ్ళు పట్టేవి. కార్బ్యురేటర్ జెట్టు మార్చి, కారుని ఒక చుట్టు తిప్పి తెచ్చి, ప్లగ్గు విప్పి రంగు చూడాలి. బిస్కెట్టు రంగుంటే సరి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, నల్లగా ఉంటే ఎక్కువైంది. డాక్టరు నాలిక చూసినట్టు.

హెరాల్డ్ గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారేది. ముందు భాగమంతా ఒక్క మూతలా లేస్తుంది, ఇంజను పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తుంది, మెకానిక్‌కి పండగ. కానీ వెనక ఇరుసుతో జాగ్రత్త. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బయటి చక్రం లోపలికి ముడుచుకుంటుంది, కారు గిర్రున తిరుగుతుంది, తిరగబడినా తిరగబడుతుంది. "హెరాల్డ్‌తో భయపడేవాడు మలుపు రాకముందే భయపడాలి. మధ్యలో కుదరదు." ఈ మాట నేను ఇంకా చాలా చోట్ల వాడుకుంటాను.

మద్రాసుకే ఇది ఎందుకు దక్కింది? రన్‌వే ఒక్కటే కారణమైతే మన వైపూ యుద్ధకాలపు రన్‌వేలున్నాయి. ప్రకాశం జిల్లా దొనకొండలో ఉంది, గన్నవరంలో ఉంది. రన్‌వే ఉంటే చాలదు. మద్రాసులో స్టాండర్డ్ ఉంది, అశోక్ లేలాండ్ ఉంది, ఎన్‌ఫీల్డ్ ఉంది, సింప్సన్ ఉంది, టీవీఎస్ ఉంది. కార్ఖానాలున్న ఊళ్ళో లేత్ మిషన్లుంటాయి, టైర్లుంటాయి, మిగిలిన సామానుంటుంది, వీటన్నిటినీ వాడటం తెలిసిన మావయ్య లాంటి కుర్రాళ్ళుంటారు. విశాఖపట్నంలో మాకు ఓడలుండేవి.

తెలుగువాళ్ళు ఈ కథలో లేరనుకోకండి. ఉన్నారు, కోయంబత్తూరులో. కొన్ని వందల ఏళ్ళ కిందట తమిళదేశానికి వలసపోయి, బయట తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్ళు అక్కడ పత్తిమిల్లులు పెట్టారు, మోటార్లు చేశారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ కట్టిన జి.డి.నాయుడు వాళ్ళలో ఒకడు. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్.కరివర్ధన్ ఇంకొకడు. 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చింది. కరివర్ధన్ ఆ బుల్లి 796 సీసీ ఇంజన్ని తీసి, తన షెడ్డులో చేసిన ఒంటి సీటు కారులో పెట్టి, 1988లో ఫార్ములా మారుతి మొదలుపెట్టాడు. జమీందారు కాని కుర్రాడు కూడా రేసు నేర్చుకునే బండి అది. 1995లో ఆయన విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఆయన పేరు మీదే ట్రాక్ ఉంది. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్‌దీ ఆ ఊరే, వాళ్ళ నాన్న ర్యాలీ ఛాంపియన్. ఈలోగా మద్రాసు క్లబ్బు కూడా చోళవరం వదిలి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. యుద్ధం వదిలేసిన కాంక్రీటు మీద మొదలైనది అలా స్థిరపడింది.

మరి మా మావయ్య విద్య ఏమైంది? అరకు ఎక్కింది.

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట, అరకు. ఆ రోజుల్లో టాక్సీ అంబాసిడర్లు, పద్మినీలు ఘాట్ ఎక్కేముందు ఆయన షెడ్డుకొచ్చేవి. రేడియేటర్ కడగడం, బ్రేకు డ్రమ్ములు విప్పి చూడటం, పాయింట్ల సందు సరిచెయ్యడం. వేసవిలో పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వెయ్యమని డ్రైవర్లకి చెప్పేవాడు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, బ్రేకుని నమ్ముకోకు అని ప్రతివాడికీ చెప్పేవాడు. చోళవరంలో నేర్చిన అదే విద్య, తలకిందులుగా. అక్కడ బరువు దించి వేగం పెంచడం, ఇక్కడ ఎనిమిది మందిని, నాలుగు బస్తాల్ని ఎక్కించి క్షేమంగా దించడం.

ఘాట్ రోడ్డు మీద రేసు అనేది కూడా పాత ఆటే. ఇంగ్లండులో షెల్స్‌లీ వాల్ష్ అనే చోట 1905 నుంచి వెయ్యి గజాల ఎత్తు దారిలో కార్లు ఒక్కొక్కటే గడియారంతో పోటీపడుతున్నాయి. అది ఒక క్లబ్బు చేతిలో ఉన్న సొంత దారి. అరకులోనూ అలాంటిది పెడితే ఎంత బావుంటుందోనని కారు పిచ్చి ఉన్న మిత్రులు అంటూనే ఉంటారు. ఇరవయ్యేళ్ళప్పుడు నేనూ అన్నాను.

1990ల్లో ఒక ఆదివారం. మావయ్య తన పద్మినికి సరదాగా హెడ్డు మిల్లింగ్ చేయించి, పెద్ద జెట్టు వేసుకున్నాడు. ఆయనకి చెప్పకుండా మా బావా నేనూ ఆ కారు తీసుకుని అనంతగిరి ఎక్కాం. వెనక మా కాలేజీ వాళ్ళ ఇంకో కారు. పందెం. బావ బాగా నడిపాడు, ఆ మాట చెప్పాలి. మలుపు తర్వాత మలుపు, రెండో గేరు, మూడో గేరు, కాఫీ తోటల వాసన. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా కావిడితో ఒక ముసలాయన. సంతకి పోతున్నాడు. బావ బ్రేకు తొక్కాడు, కారు పక్కకి జారింది. ఆయన కావిడి వదిలేసి గట్టు మీదకి దూకాడు. తట్టలోని సీతాఫలాలు రోడ్డంతా దొర్లాయి, కొన్ని మా చక్రాల కింద చితికాయి.

ఆయన తిట్టలేదు. మేం దిగి ఏరడానికి వంగితే చేత్తో వద్దన్నాడు. తనే ఒక్కొక్కటీ ఏరి, చితికినవి పక్కన పెట్టి, మంచివి తట్టలో సర్దుకున్నాడు. డబ్బిస్తే తీసుకున్నాడు, లెక్క పెట్టలేదు. కావిడెత్తుకుని, అంతదాకా నడిచినట్టే, రోడ్డు అంచున నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం సంగతి తెలిసి మావయ్య చెయ్యెత్తలేదు. ఆ రాత్రే షెడ్డులో కూర్చుని పాత జెట్టు తిరిగి బిగించాడు. "చోళవరంలో రోడ్డు చుట్టూ తాడు కట్టేవాళ్ళురా. జెండా పట్టుకుని మనిషి నిలబడేవాడు. అది లేనిచోట ఆట లేదు" అన్నాడు.

చరిత్ర చదవడం మొదలుపెట్టాక ఆ మాట ఇంకా లోతుకి పోయింది. ఈ కొండల్లోకి రోడ్లు ఎలా వచ్చాయి? గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించినప్పుడు కొండవాళ్ళతో సరైన కూలి ఇవ్వకుండా బలవంతంగా చాకిరీ చేయించాడు. 1882 అటవీ చట్టంతో అప్పటికే పోడు, అడవి పోగొట్టుకుని రగిలిపోతున్నవాళ్ళు వాళ్ళు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడిందంటే దాని వెనక ఆ రోడ్డు కూడా ఉంది. 1960ల్లో కొత్తవలస, కిరండూల్ రైలుమార్గం కొండల్ని తొలుచుకుంటూ వచ్చింది, బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకి దింపి జపాను పంపడానికి. ఈ కొండల్లో దారులు ఎక్కువగా పైనుంచి ఏదో కిందికి దింపడానికే వేశారు. పైన ఉన్నవాళ్ళు ఆ దారుల అంచున నడుస్తూ వచ్చారు.

అందుకే ఇక్కడి నేల విషయంలో చట్టం కూడా ఆచితూచి మాట్లాడుతుంది. 1970 నాటి 1/70 నిబంధన షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంది. బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడానికి లేదంది. షెల్స్‌లీ వాల్ష్ లాంటి సొంత దారి ఏ క్లబ్బుకీ ఇక్కడ దొరకదు. దొరకకూడదు కూడా. పటంలో ఖాళీగా కనిపించే చోటల్లా ఎవరిదో నడక ఉంది.

నగరంలోనూ ఈ ప్రశ్న తప్పదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. దానికోసం ఊరి నడిబొడ్డున రోడ్లు మూసేశారు, జనం చుట్టుదారుల్లో ఆగి ఆగి నడిచారు. మరుసటి ఏడు జరగాల్సిన రేసు రద్దయింది. నేను ఆ రేసు టీవీలో చూశాను. బాగుంది. కార్లు చప్పుడు లేకుండా ఈలవేసినట్టు పోయాయి. మావయ్య ఉంటే ప్లగ్గు ఎక్కడుందని అడిగేవాడు.

ఇప్పటికీ నాకు ఆ ఆటంటే ఇష్టమే. పాత పద్మిని ఒకటి దొరికితే బస్తాలు దించి, హెడ్డు కోయించి, ఇరుంగాట్టుకోట్టైకో చెట్టిపాళయానికో పట్టుకుపోవాలని ఉంది. అరకు మాత్రం రెండో గేరులోనే ఎక్కుతాను. ఆదివారం సంత దారిలో ఇంకా కావిళ్ళు నడుస్తున్నాయి.