విశ్వాసం వెనుక చరిత్ర

కుక్క అనగానే రచయితలకు విశ్వాసం గుర్తుకొస్తుంది. కాపరి కుక్క విషయంలో ఇది మరీ ఎక్కువ. కానీ అది శ్రమించే జంతువు. శ్రమ ఉన్నచోట ఆ శ్రమ ఎవరి లాభానికి అన్న ప్రశ్న తప్పదు. స్కాట్లాండ్ చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

1770లో ఎట్రిక్ లోయలో పుట్టిన జేమ్స్ హాగ్ బాల్యం నుంచీ మందలు కాచినవాడు. బడికి వెళ్ళింది కొద్ది నెలలే. తర్వాత స్వయంకృషితో కవిగా, నవలాకారుడుగా ఎదిగాడు. 1829లో పుస్తకంగా వెలువడిన 'షెపర్డ్స్ క్యాలెండర్'లో తన కుక్క సిర్రా కథ చెప్పాడు. ఒక రాత్రి, తల్లుల నుంచి వేరుచేసిన 700 గొర్రెపిల్లలు మూడు దిక్కులుగా చెదిరిపోయాయి. మనుషులు చీకట్లో వెతికి వేసారిపోయారు. తెల్లవారేసరికి సిర్రా మొత్తం మందను ఒకచోట చేర్చి కాపలా కాస్తూ కనిపించింది. ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు.

ఈ కథ కన్నా అదే రచనలో హాగ్ వేసిన లెక్క ముఖ్యమైనది. కుక్కే లేకపోతే స్కాట్లాండ్ కొండభూములకు విలువ లేదన్నాడతడు. మందను పోగుచేసి, దొడ్డికి తోలి, సంతకు చేర్చడానికి కావలసినంతమంది మనుషులను పోషించాలంటే మంద మీద వచ్చే లాభమంతా చాలదన్నాడు. కాపరిగా బతికినవాడు కనుక ఈ అర్థశాస్త్రం అతనికి అనుభవంలోనే తెలిసింది.

తోడేలు మందను చుట్టుముడుతుంది, చూపుతో నిలేస్తుంది, చివరకు చంపుతుంది. ఆ చివరి చేష్టను అణచి, మొదటి రెండింటినీ తరతరాల ఎంపికతో పదును పెట్టి మనిషి ఒక పనిముట్టును తయారుచేసుకున్నాడు. ఒక్క కాపరి, ఒక్క ఈల, ఒకటి రెండు కుక్కలు ఉంటే కొండంతా అదుపులో ఉంటుంది.

18వ శతాబ్దం చివరలో ఈ పనిముట్టు భూస్వాములకు అక్కరకొచ్చింది. గేలిక్ మాట్లాడే ఉత్తరాది హైలాండ్ రైతులు కట్టే కౌలు కన్నా గొర్రెల మందల యజమానులు ఇవ్వజూపిన కౌలు ఎక్కువ. చెవియట్ జాతి గొర్రెలతోపాటు దక్షిణాది కాపరులూ, వాళ్ళ కుక్కలూ వచ్చాయి. 1792లో రాస్ ప్రాంత ప్రజలు వేలాది గొర్రెలను దక్షిణానికి తోలివేయబోతే సైన్యం వచ్చి అడ్డుకున్నది. సదర్లాండ్‌లో 1814-1820 మధ్య 3,000 కుటుంబాలను, అంటే 15,000 మందిని వెళ్ళగొట్టారని మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో రాశాడు. ఆ భూమిని 29 గొర్రెల క్షేత్రాలుగా విభజించారు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క కుటుంబం. 1825 నాటికి అక్కడ 1,31,000 గొర్రెలున్నాయి.

మూడువేల కుటుంబాలు బతికిన నేల మీద ఇరవైతొమ్మిది కుటుంబాలు అన్ని గొర్రెలను ఎలా మేపగలిగాయి? హాగ్ లెక్కను ఈ అంకెల పక్కన పెడితే తెలుస్తుంది. ఇందులో కుక్క దోషమేమీ లేదు. మగ్గం లాగే అది కూడా ఎవరి చేతిలో ఉంటే వారికే లాభం చేకూరుస్తుంది. ఎట్రిక్ పేద కాపరికి అన్నం పెట్టిన నైపుణ్యమే సదర్లాండ్‌లో మనుషుల అవసరం లేకుండా చేసింది.

ఆ తర్వాత ఈ నైపుణ్యం వినోదం కూడా అయింది. 1873లో వేల్స్‌లోని బాలాలో ఒక భూస్వామి కాపరి కుక్కల పోటీ పెట్టాడు. నేటికీ ఇటువంటి పోటీలు జరుగుతున్నాయి. చూసేవారికి పచ్చని కొండ, చురుకైన కుక్క కనిపిస్తాయి. ఆ కొండ ఎందుకంత ఖాళీగా ఉన్నదో కనిపించదు.

కాపరి జీవితాన్ని రాయబూనిన రచయిత సిర్రా విశ్వాసాన్ని తప్పక రాయాలి. అది నిజమే. అయితే కుక్క పోగుచేసిన మందను లెక్కపెట్టినట్టే, ఆ మంద కోసం చెదరగొట్టిన మనుషులను కూడా లెక్కపెట్టాలి.