అనంతగిరిలో ఇంటి స్థలం – పాత హద్దుల సంగతి

పదవీ విరమణ సొమ్ముతో కోదాడ పక్కన అనంతగిరిలో ఇంటి స్థలం కొనదలచిన మిత్రులు నన్నడిగేది ఒకటే: "రిజిస్ట్రేషను అయితే ఇంకేం భయం?" రిజిస్ట్రేషను దస్తావేజును నమోదు చేస్తుందే గాని, అమ్మినవారికి హక్కున్నదని హామీ ఇవ్వదు. అందుకు వెనకటి చరిత్ర చూడాలి.

కోదాడ నైజాం ఏలుబడిలోనిది. పక్కనే మునగాల పరగణా మాత్రం బ్రిటిషువారి కృష్ణా జిల్లాలో ఉండేది. 1959లో గాని నల్లగొండలో కలవలేదు. కనుక మీ సర్వే నంబరు ఆ హద్దుకు ఏ వైపుదో ముందు తేల్చుకోండి. నైజాం వైపైతే 1954-55 ఖాస్రా పహాణీ నుంచి లింకు దస్తావేజులు వరుసగా రావాలి. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లు ఉన్నారేమో చూడాలి. 38-ఇ సర్టిఫికెట్టు పొందినవారు యజమానులే. పరగణా వైపైతే జమీందారీలను రద్దు చేసిన 1948 మద్రాసు ఎస్టేట్ల చట్టం కింది రైత్వారీ పట్టా మూలం.

మధ్యలో సాదా బైనామా తగిలితే ఆగండి. మన పల్లెల్లో తెల్లకాగితం మీదే భూములు చేతులు మారాయి. అందులో మోసం లేకపోవచ్చు, కాని కోర్టులో నిలవడం కష్టం. పేదలకిచ్చిన అసైన్డు భూమి జోలికి అసలే పోవద్దు, 1977 చట్టం ఆ అమ్మకాన్ని నిషేధించింది. జి.పి.ఎ. అమ్మకం యాజమాన్యమివ్వదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది.

అనంతగిరి మండలమైంది 2016లో. పాత కాగితాల్లో వేరే మండలం, నల్లగొండ జిల్లా అని ఉంటే కంగారు పడకండి. సర్వే నంబరు, హద్దులు పోల్చుకుని, బయానా ఇవ్వకముందే ఇ.సి. తీయించండి, ముప్పై ఏళ్ళకు తగ్గకుండా.