‘అన్నదమ్ములు’ అనే మాట: మరియమ్మ నిత్యకన్యాత్వ విచారం

సింహపురి సీమలో క్రైస్తవులు రెండు సంప్రదాయాలుగా కనిపిస్తారు. 1840లో శామ్యూల్ డే ఆరంభించిన అమెరికన్ బాప్టిస్టు మిషను ప్రొటెస్టంటు శాఖకు చెందినది. 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం కతోలికులది. ఒకే గ్రంథాన్ని ఆశ్రయించిన వారికి భేదమేమిటని భక్తులు కొందరు అడుగుతుంటారు. అందులో ఒకటి ఇది. యేసు కన్యాగర్భసంభూతుడని ఉభయులూ అంగీకరిస్తారు. ప్రసవానంతరం కూడా మరియమ్మ ఆజీవనం కన్యయేనా అన్నదే వివాదం.

మార్కు సువార్త యాకోబు, యోసే, యూదా, సీమోనులను యేసు సోదరులుగా పేర్కొంటుంది. వీరు ఆమె కుమారులేనని నేటి ప్రొటెస్టంట్లలో అధికుల మతం. పినతండ్రి, మేనమామల బిడ్డలకు గ్రీకులో వేరే పదమున్నదని వారి హేతువు. క్రీ.శ. 383 ప్రాంతంలో హెల్విడియసు వాదాన్ని ఖండిస్తూ జెరోము, వీరు మరియమ్మ సోదరి పుత్రులన్నాడు. 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఆమెను ‘నిత్యకన్య’గా పేర్కొన్నది. సంస్కరణోద్యమ ప్రవర్తకుడైన లూథరు సైతం ఈ విశ్వాసాన్ని విడువలేదు.

మన భాషలోనూ తల్లి సోదరి బిడ్డలు అన్నదమ్ములే. పాండవకౌరవులను అన్నదమ్ములంటాము, ఏకోదరులని ఎవరూ భ్రమపడరు. అయినా మన వ్యవహారం పరభాషాపదానికి అర్థనిర్ణాయకం కాజాలదు. కతోలికులు గ్రంథంతో పాటు పరంపరనూ ప్రమాణంగా స్వీకరిస్తారు. ప్రొటెస్టంట్లకు గ్రంథమే పరమప్రమాణం. ప్రమాణభేదం వల్లనే సిద్ధాంతభేదం. శ్రుతిస్మృతుల బలాబలాలను విచారించే మనకు ఈ మార్గం అపరిచితం కాదు. పొరుగువారి విశ్వాసాన్ని పరిహసించే ముందు వారి ప్రమాణమేదో తెలుసుకోవడం జిజ్ఞాసువుకు ధర్మం.