ప్రదర్శనకు కోడెదూడ



తొలిసారి పశుప్రదర్శనకు కోడెదూడను సిద్ధం చేసేవారు మన డెల్టా చరిత్ర కొంచెం గుర్తు పెట్టుకోవాలి.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువనీరు పారినకొద్దీ బీళ్లు వరిచేలయ్యాయి. మనకు అన్నం దొరికింది గాని, పశువుకు మేతబీడు తగ్గిపోయింది. మందలో తిరిగి పెరిగే దూడ సావిడిలో గుంజకు చేరింది. గడ్డిమేటే దానికి ఆధారమైంది.

దూడ మంచి ఒంగోలు జాతిదే కావచ్చు. ఆ జాతి సముద్రాలు దాటి బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అయి, అక్కడి పశుసంపదకే వెన్నెముకగా నిలిచింది. కాని జాతి ఒక్కటే చాలదు. బీడు ఇచ్చిన నడకను ఇప్పుడు మనం ఇవ్వాలి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతుచేత దూడకు ఉలవలు, తవుడు, తెలగపిండి దండిగా పెట్టించాను. ఒళ్లు నిగనిగలాడింది. నడిపించమని మాత్రం చెప్పలేదు. తీరా ప్రదర్శననాడు అది జనాన్ని చూసి బెదిరి, పలుపు తెంచుకు పోయింది. ఆ రైతు మొహం చూడలేకపోయాను.

అందుచేత మూడు నెలల ముందునుంచే రోజూ పొద్దున్నే పలుపు పట్టి నడిపించండి. ఒళ్లు తోమండి, గిట్టలు చూడండి, నిలకడగా నిలబడటం నేర్పండి. అప్పుడప్పుడు బజారులోనూ తిప్పండి. బహుమతి రాకపోతే పోనీండి. మచ్చికైన కోడె రేపు కాడి కింద మీ మాట వింటుంది.