ప్రభుత్వము – పత్రికలు – సమాధానము

పత్రికల వ్రాతలను ప్రభుత్వము లక్ష్యపెట్టదని మన యిండ్లలో తఱచుగా వినుచుందుము. చరిత్ర యట్లు చెప్పుట లేదు. దేశభాషాపత్రికల సారమును ఆంగ్లమున సంగ్రహించి అధికారులకు వారవారము చూపు ఏర్పాటు 1878కి పూర్వమే యుండెను. లక్ష్యమే లేకున్న నీ శ్రమ యేల?

ఆ 1878 మార్చి 14వ తేదీని లిట్టను ప్రభువు దేశభాషాపత్రికల శాసనమును ఒక్క సమావేశములోనే నెగ్గించెను. మేజిస్ట్రేటు కోరినచో ముద్రాపకులు పూచీపత్రము వ్రాసియీయవలెను. ఆతని నిర్ణయముపై న్యాయస్థానమున కప్పీలు లేదు. ఆంగ్లపత్రికల కీ శాసనము వర్తింపదు. అంతట వంగదేశమందలి అమృతబజారు పత్రిక వారము దినములలోనే పూర్తిగా ఆంగ్లపత్రికయై వెలువడెను.

అంతకంటె గమనింపదగిన విషయ మొకటి గలదు. నోరు కట్టిన ప్రభుత్వమే ఆ కాలముననే పత్రికలకు వార్త లందించుటకై పత్రికా కమిషనరు నొకని నియమించెను. ఒకచేత బెదరింపు, ఒకచేత బుజ్జగింపు! రిప్పను ప్రభువు కాలమున ఆ యుద్యోగము పోయెను. 1882లో శాసనమును రద్దయ్యెను. పద్ధతి మాత్రము చావలేదు. 1919లో హోము శాఖ క్రింద సమాచార కార్యాలయ మొకటి పుట్టెను. నేటి కేంద్ర పత్రికా సమాచార కార్యాలయమునకు మూల మదియే.

మన భాషలో 'సమాధాన' మనగా జవాబనియు, శాంతింపజేయుట యనియు రెండర్థములు. ఒత్తిడి కలిగినప్పుడు కార్యాలయములు రెండవ యర్థమునే సులభముగా నేర్చుకొనును. ప్రకటన వెలువడును, లోపము నిలిచియుండును. కావున ప్రకటన చదివి తృప్తినొందుట చదువరుల ధర్మము కాదు. నూయి బాగుపడినదా, బడికి పైకప్పు వచ్చినదా యని పోయి చూచుటయే ధర్మమని మేము తలంచుచున్నాము.