పనికిరాదనుకొన్న పొర

వైనతేయపాయలో పోటుపాటులను బట్టి మొగము త్రిప్పుకొను పడవను ఎరుగనివారు మనలో లేరు. దానినే రాటకు కట్టితిమా, ఒక దిక్కునకు తేలికగా తిరుగును, రెండవ దిక్కునకు మొరాయించును. కొన్ని అయస్కాంతములదియు ఇదే తీరు.

1956లో అమెరికాలో మైకిల్‌జాన్, బీన్ అను ఇరువురు తుప్పువంటి ఆక్సైడు పొర పట్టిన కోబాల్టు రేణువులను అయస్కాంతక్షేత్రమునందుంచి మిక్కిలి చల్లార్చిరి. అంతట కోబాల్టు ఒక దిశకే మొగ్గెను. పైపొర దానిని రాటవలె పట్టియుంచుటయే కారణము. చిత్రమేమనగా, ఆ పొర తాను అయస్కాంతమువలె దేనిని ఆకర్షింపదు. అందలి పరమాణువులు ఎదురెదురు మొగములై నిలుచుటచే వాని బలము చెల్లుకు చెల్లగును. ఇట్టి పదార్థముల తత్త్వమును వివరించిన నీల్ పండితుడే 1970లో నోబెల్ ఉపన్యాసమున, ఇవి సిద్ధాంతమునకు రమ్యములేగాని ప్రయోజనము కానరాదనెను. అంతటివాడు తొందరపడెనని నా తలపు. 1997లో ఐ.బి.యం. వారు కంప్యూటరు పళ్లెములమీది వ్రాతను చదువుటకు చేసిన సాధనమున అట్టి పొరయే రాట అయ్యెను.

ఆ రాటను విద్యుత్తుతో కదలింపవచ్చునా? విద్యుద్ధ్రువములును అయస్కాంతక్రమమును కూడియున్న బిస్మతు ఫెర్రైటు పలుచని పొరలు 2003లో వెలువడిన పిదప ఈ వెదకులాట ముమ్మరమైనది. ఏ స్ఫటికమున ఏ గుణము పొసగునో దాని సౌష్ఠవమే తేల్చును. ఈ లెక్కలో మన తెలుగువారి చేయియు కలదు. నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు, వేంకటరాయుడుగారితో కలిసి 1948లో సమూహగణితమును గ్రంథస్థము చేసిరి. 1964లో పంతులుగారితో కూడి అయస్కాంత స్ఫటికముల సౌష్ఠవమును విచారించిరి.